గండశిల పడిన ఆదివారం

గండశిలను కింద పడేసిన మొనగాడు ఈ భూమ్మీద ఇంతవరకు పుట్టలేదు. ఇది నేను గాలికి చెబుతున్న మాట కాదు. నమ్మకపోతే వీడియో గేములు ఆడే ఏ కుర్రకారునైనా ఆపి అడగండి. ‘పిడికిలి’ అని ఒక కొట్లాట ఆట ఉంది. అందులో ఒకరి తరవాత ఒకరిని చితక్కొట్టుకుంటూ పోతే చిట్టచివర ఒక రాతి మండపంలో ఒక ఆసామి ఎదురొస్తాడు. భుజం ముందు, మనిషి వెనక. గుమ్మం పట్టనివాడిలా పక్కకి తిరిగి అడుగేస్తాడు. వాడే గండశిల. మిగతా వీరుల్లో ఎవరినైనా ఎంచుకుని మన చేత్తో ఆడించుకోవచ్చు కానీ గండశిలను మాత్రం కుదరదు. వాడిని ఆడించేది మిషనే. వాడి చేతిలో తన్నులు తినడమే తప్ప, వాడై తన్నే భాగ్యం ఎవరికీ లేదు.

ఒకవేళ ఎవడైనా చచ్చీచెడీ గెలిచినా గండశిల పడడు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే రాయిగా మారతాడు, చుట్టూ పొగ కమ్ముతుంది, మాయమైపోతాడు. ఎందుకు పడడో అని అభిమానులు తలలు బద్దలు కొట్టుకుని వ్యాసాలు రాశారు. అతన్ని మోయడానికి భూమికే ధైర్యం చాలదని ఒకడు రాస్తే, అతనికి అసలు శరీరమే లేదు, మనకు కనబడేది నీడ అని ఇంకొకడు రాశాడు.

అసలు కారణం ఆ బొమ్మ గీసిన అమ్మాయికి తెలుసు. గండశిల ఎందుకు పడడూ అంటే, వాళ్ళ మావయ్య పడనన్నాడు గనక.

ఆ అమ్మాయిది ఆటలు తయారుచేసే ఆఫీసులో బొమ్మలకు కదలిక నేర్పే ఉద్యోగం. ఒక మనిషి చేత నడిపించి, గెంతించి, ఫోనులో వీడియో తీసుకుంటుంది. తరవాత ఆ కదలిక మీద ఒక్కొక్క బొమ్మే గీసుకుంటూ పోతుంది. ‘పిడికిలి’ మొదటి భాగం తయారయ్యేటప్పుడు భారీ మనిషి ఒకడు కావలసి వచ్చాడు. బయట వెతకడం ఎందుకని ఇంట్లో ఉన్న మావయ్యనే ముందుగదిలో నిలబెట్టింది. ఆమె పెరిగిందే మావయ్య ఇంట్లో.

మావయ్య పని ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోయడం. ఆ చుట్టుపక్కల వీధుల్లో అందరికీ ‘బీరువా మేస్త్రీ’ అంటేనే తెలుసు. ఒకసారి మూడో అంతస్తుకు బీరువా ఎక్కించి తలుపు తీస్తే లోపల చీరల మీద పిల్లి పడుకుని ఉందట, ఎక్కినంతసేపూ దానికి మెలకువే రాలేదట. అలా మెట్ల మలుపుల్లో తిరిగి తిరిగి ఆయన నడకే మారిపోయింది. ఖాళీ చేతులతో కూరగాయలకి వెళ్ళినా భుజం ముందు పెట్టే వెళ్ళేవాడు.

నడవమంటే నడిచాడు, గుద్దమంటే దిండును గుద్దాడు. దూది ఊడ్చుకోలేక అత్తయ్య నానా తంటాలు పడింది. తరవాతే చిక్కొచ్చింది.

“మావయ్యా, ఇప్పుడు దెబ్బ తగిలినట్టు ఈ పరుపు మీద పడు.”

“పడను.”

“ఊరికే, ఆటకే కదా.”

“ఆటకైనా సరే, పడను. నేను పడ్డానంటే బీరువా పడ్డట్టు. బీరువా పడ్డాక మర్నాడు నన్ను పనికి పిలిచేదెవడే?”

“పోనీ కొంచెం వంగు. తలమీదకి దెబ్బ వస్తోంది, తప్పించుకోవాలి.”

“వంగితే బరువంతా నడుం మీదకొస్తుంది. వంగను.”

వంటింట్లోంచి అత్తయ్య కేకేసింది. “ఎందుకే ఆయన్ని బతిమాలతావు? నిద్రలో మంచం మీంచి కూడా పడని మనిషి. పక్కనున్నవాళ్ళని తోసేస్తారంతే!”

దాంతో ఆ అమ్మాయి పొగ గీసింది. పడే బొమ్మలు లేవు, వంగే బొమ్మలు లేవు, లేచే బొమ్మలు అసలే లేవు. వంగడం, పడడం రానివాడిని ఆడేవాళ్ళ చేతిలో ఎలా పెడతారు? అందుకే గండశిల మొదటి భాగంలోనూ, రెండో భాగంలోనూ, మూడో భాగంలోనూ ఎవరికీ దొరకని మహానుభావుడిగా మిగిలాడు. మావయ్యకి ఒక్కటే ఫిర్యాదు ఉండేది. ఆటలో గండశిల కుడివైపు చూస్తున్నప్పుడు గీసిన బొమ్మలనే ఎడమవైపు తిరిగినప్పుడు అద్దంలోలాగ తిప్పి వాడేస్తారు.

“నా పట్టేసిన మోకాలు కుడిది కదే! వాడు అటు తిరగ్గానే ఎడమ కాల్లోకి ఎలా పోయింది? ఆ కిటుకేదో నాకూ చెప్పు, రోజు మార్చి రోజు మార్చుకుంటాను” అనేవాడు.

నాలుగో భాగం మొదలుపెడుతూ ఆఫీసులో టీమ్ పెద్ద అందరినీ కూర్చోబెట్టాడు. “జనం ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నారు. ఈసారి గండశిలను వాళ్ళ చేతికిచ్చేద్దాం.”

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి చేతులు మాత్రం ఒళ్ళోనే ఉండిపోయాయి.

మిషనుకి ఇచ్చిన బలం మనిషికి ఇస్తే ఎదుటివాడు బతకడు. అందుకని ఎవరి దెబ్బకి ఎంత బలమో లెక్కలు కట్టే ఆయన అప్పటికే కత్తెర పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. గండశిల చెయ్యి పొట్టి చేశాడు, ఒంటిదెబ్బతో గోడకి కొట్టే విద్య పీకేశాడు. ఆ అమ్మాయి దేనికీ అడ్డు చెప్పలేదు.

“చేతులు మీ ఇష్టం సార్. నడక మాత్రం కదపకండి” అంది.

“నడక ఉంటుందమ్మా. కానీ వంగడం, పడడం, లేవడం కావాలి. సోమవారానికి చూపించగలవా?” అన్నాడు టీమ్ పెద్ద.

“చూపించలేకపోతే?”

“ఒళ్ళే మార్చేద్దాం. కసరత్తులు చేసే కుర్రాడొకడు దొరికాడు. బంతిలా పడి బంతిలా లేస్తున్నాడు. నడుం కాస్త సన్నమవుతుంది, అంతే. పేరెలాగూ అదే ఉంటుంది కదా.”

దారి పొడుగునా ఆ సన్నని నడుమే ఆమె కళ్ళకు కట్టింది. కోపం కంటే దిగులు ఎక్కువైంది. ఎందుకంటే వానాకాలం వెళ్ళినప్పటి నుంచి మావయ్య గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ఏమైందని అడిగితే “గోడ గట్టిగా ఉందో లేదో చూస్తున్నా” అంటాడు. భుజం ముందు పెట్టి వచ్చే ఆ నడక ఇప్పుడు ఇంట్లో లేదు, ఆటలోనే ఉంది. అక్కడా చెరిపేస్తే ఇంకెక్కడా ఉండదు.

ఆదివారం పొద్దున కాఫీలు తాగుతూ సంగతంతా చెప్పింది. మావయ్య గ్లాసు కింద పెట్టాడు.

“అంటే, నా ఒళ్ళు తీసేసి ఇంకెవడిదో పెడతారా?”

“పేరు ఉంచుతారట.”

“పేరుదేముందే, అది నువ్వు పెట్టిందేగా! ఒళ్ళు నాది. సెలూన్లో నా బొమ్మ అతికించి పెట్టుకున్నాడు మంగలి. వచ్చినవాడికల్లా చూపించి, ఇతన్ని పడేసినవాడు లేడు అని చెబుతున్నాడు. రేపు ఆ సన్నవాడి బొమ్మ పెట్టుకుని నన్నెవరని చెబుతాడు?” మళ్ళీ తనే అడిగాడు. “సరే, ఇప్పుడు నేను పడితే చాలా?”

“పడి లేవాలి కూడా మావయ్యా.”

ఆయన గ్లాసు ఖాళీ అయిపోయిందని తెలిసీ మళ్ళీ ఎత్తి తాగాడు. అత్తయ్య ఆయన వంక చూసింది, గ్లాసు వంక చూసింది, ఇంక ఆగలేకపోయింది.

“చెప్పేస్తున్నానండీ, నన్ను తిట్టుకున్నా సరే. మొన్న వానల్లో మీ మావయ్య స్నానాల గదిలో పడ్డారే. లేవలేకపోయారు. నేను బజారునుంచి వచ్చేదాకా ఆ తడిలోనే కూర్చున్నారు. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు.”

ఇదిగో, మొదట్లో నేను కొట్టిన గొప్ప ఇక్కడితో సరి. గండశిలను పడేసిన మొనగాడు పుట్టలేదన్నానా? పుట్టాడు. వాడు అరిగిపోయిన సబ్బు ముక్క. నిజం చెప్పాలంటే ఆటలో కూడా ఆయన అంత అజేయుడేం కాదు. ఒక చేత్తో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, రెండో చేత్తో ఒకే ఒక మీట టకటకా నొక్కి అత్తయ్య గండశిలను ఎన్నోసార్లు రాయిని చేసి పారేసింది. సెలూన్లో ఈ సంగతి తెలియదు.

“ఒట్టు తీసి గట్టున పెట్టావన్నమాట” అన్నాడు మావయ్య.

“నాతో ఎందుకు చెప్పలేదు మావయ్యా?” అంది అమ్మాయి.

“చెబితే నువ్వు నన్ను చూసే చూపు మారుతుంది. ఇప్పుడు చూస్తున్నావే, ఇదిగో ఇలాగ.”

ఆమె చూపు తిప్పుకుంది. “వద్దులే. సోమవారం వాళ్ళకి కుదరదని చెప్పేస్తాను.”

“నువ్వూరుకో. ఏమేవ్, లోపలున్న పరుపులన్నీ పట్రా.”

“దిండ్లు కూడానా?”

“దిండ్లు కూడా. బీరువాకి ఇచ్చే మర్యాదలన్నీ నాకూ ఇవ్వండి.”

ముందుగదిలో పరుపు మీద పరుపు వేసి, చుట్టూ దిండ్లు పేర్చారు. కుర్చీలు వసారాలోకి పోయాయి. మావయ్య పరుపులకు వీపు పెట్టి నిలబడి పిడికిళ్ళు బిగించాడు. “ముందు వంగుతాను చూడు” అని మోకాళ్ళు కొద్దిగా వంచాడు. ఆ వంగడం దెబ్బ తప్పించుకుంటున్నట్టు లేదు, కిందనున్న బరువును ఎత్తబోతున్నట్టు ఉంది. అమ్మాయి అదే చాలని ఫోనులో వీడియో తీసుకుంది.

“ఇంక కొట్టు” అన్నాడు.

“ఎవరు కొట్టాలి?”

“మీ అత్తయ్య. అలవాటైన చెయ్యి.”

అత్తయ్య దగ్గరికొచ్చి ఆయన ఛాతీ మీద వేలితో పొడిచింది. మావయ్య పడ్డాడు. చేతులు ఆడించకుండా, ఒళ్ళు ముడుచుకోకుండా, నిలువునా, కొయ్య దుంగలాగ వెనక్కి వాలి పడ్డాడు. పరుపులు దుమ్ము కక్కాయి. కిటికీ అద్దాలు గణగణమన్నాయి. అరనిమిషంలో కింది వాటాలో ఉండే దర్జీ మెడలో టేపుతోనే మెట్లెక్కి వచ్చాడు.

“ఏం పడిందండీ?”

“బీరువా” అంది అత్తయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడి.

“ఖాళీదా, నిండుదా?”

“నిండుదే!” అన్నాడు మావయ్య పరుపు మీంచి.

దర్జీ ఇంకేమీ అడగకుండా దిగిపోయాడు. అత్తయ్య తలుపు వేసొచ్చింది. గదిలో నవ్వు తగ్గింది. ఇంక లేవడం మిగిలింది.

“అటు తిరుగు” అన్నాడు మావయ్య.

“నేనటు తిరిగితే ఎవరు తీస్తారు మావయ్యా?”

“సరే. తియ్యి. కానీ మధ్యలో వచ్చి పట్టుకున్నావో, చూడు.”

ఆయన పక్కకి దొర్లాడు. కాసేపు అలాగే ఉండి ఊపిరి పోగుచేసుకున్నాడు. ఒక మోకాలు కిందికి తెచ్చుకున్నాడు, అరచెయ్యి ఆనించాడు, నేలమీద ఏదో పారేసుకున్నవాడిలా తలవంచుకుని ఆగాడు. అమ్మాయి కాళ్ళు రెండుసార్లు ముందుకు కదిలాయి, రెండుసార్లూ ఆగాయి. అప్పుడు మావయ్య కుడిచెయ్యి పైకెత్తాడు. ఆ చెయ్యి గాలిలో బిగుసుకుంది. ఒళ్ళు మెల్లమెల్లగా, విడివిడిగా, మెట్టు మెట్టూ ఎక్కుతున్న సామానులాగ పైకొచ్చింది. ముందు భుజం, తరవాత మనిషి. ఎవరి సాయమూ లేకుండా, తనంతట తాను లేచి నిలబడ్డాడు.

“వచ్చిందా?” అన్నాడు, రొప్పుతూ.

“వచ్చింది.”

“మళ్ళీ చెయ్యమంటావా?”

“వద్దు మావయ్యా. ఒక్కటి చాలు.”

సోమవారం ఆఫీసులో తెరమీద గండశిల మొదటిసారి పడి, మొదటిసారి లేచాడు. ఆ అమ్మాయి రాత్రంతా నిద్రపోకుండా తుడిచినవి తుడిచి, గీసినవి గీసి తెచ్చింది.

లెక్కలాయన గొంతు సవరించుకున్నాడు. “ఇంత మెల్లగా లేస్తే ఎలాగండీ? లేచేలోపు ఎదుటివాడు నాలుగు తగిలిస్తాడు.”

“తగిలించి చూడండి” అంది ఆమె.

మీటలు ఆయన చేతికే ఇచ్చారు. గండశిలను పడేశాడు. గండశిల పక్కకి దొర్లాడు, తలవంచుకుని ఆగాడు, చెయ్యెత్తాడు. లెక్కలాయన వేలు మీట మీదకి వెళ్ళి, అక్కడే ఆగి, వెనక్కి వచ్చేసింది.

“ఏమైంది?” అన్నాడు టీమ్ పెద్ద.

“ఏమో సార్. లేవనిద్దాం అనిపించింది. లేచాక ఏం చేస్తాడో అని భయంగానూ ఉంది.”

టీమ్ పెద్ద ఇంకోసారి వేయించుకుని చూశాడు. “ఆ కసరత్తు కుర్రాడికి అక్కర్లేదని చెప్పండి” అన్నాడు. “లేచేదాకా ఇతనికి దెబ్బ తగలకుండా లెక్క మార్చండి.”

ఆమె ఆ మాట వినగానే ఆఫీసు వసారాలోకొచ్చి ఇంటికి ఫోన్ చేసింది. “మావయ్యా, ఒళ్ళు నీదే” అంది. “నడుం సన్నం చెయ్యలేదుగా?” అని అవతలినుంచి వినబడింది.

ఇప్పుడు గండశిలను ఎవరైనా ఆడించుకోవచ్చు. మంగలి ఆ బొమ్మ తీసెయ్యలేదు, మాట మార్చాడంతే. పడేసినవాడు లేడు అనేచోట, పడుకోబెట్టి ఉంచినవాడు లేడు అంటున్నాడు. లేచేటప్పుడు గండశిల గాలిలోకి ఎత్తే చెయ్యి మీద అభిమానులు మళ్ళీ వ్యాసాలు మొదలుపెట్టారు. ఆకాశంలోంచి శక్తి లాక్కుంటున్నాడని కొందరు, పగ తీర్చుకుంటానని ఒట్టేస్తున్నాడని కొందరు.

ఇంక ఇంతసేపూ విన్నారు గనక మీకు నిజం చెప్పాలి. దర్జీ పైకొచ్చి ఖాళీదా నిండుదా అనడం నా కల్పన అనుకుంటున్నారేమో. అది నిజంగా జరిగింది. పిల్లి సంగతి మావయ్య చెప్పిందే, దానికి నా పూచీ లేదు. నేను కల్పించింది ఒకే ఒక్క ముక్క. ఎవరి సాయమూ లేకుండా లేచాడన్నానే, అది. ఆ పైకెత్తిన చెయ్యి ఉత్త గాలిని పట్టుకోలేదు. తలుపు వేసొచ్చిన అత్తయ్య పక్కనే నిలబడి, రెండు చేతులా దాన్ని పట్టుకుని ఉంది. సోమవారం లోపల ఆ అమ్మాయి కూర్చుని తుడిచినదల్లా అత్తయ్యనే. “ముందే తెలిస్తే ఒళ్ళు తగ్గేదాన్ని కదే, నీకు తుడిచే పని తప్పేది” అందట అత్తయ్య. బొమ్మను అద్దంలోలాగ తిప్పుతారని చెప్పాను కదా, గండశిల అటు తిరిగితే ఆ చెయ్యి కూడా అటు మారుతుంది. మావయ్య ఏ పక్కన పడినా ఆ పక్కనే, ఎవరికీ కనబడకుండా, ఆవిడ నిలబడి ఉందన్నమాట.