అత్త బొటనవేలు

"అమ్మ వేలికి కాస్త సిరా అంటుకున్నాది, లేవకముందే తుడిసీ" అని మా ఆయన మాస్కు చెవులకి తగిలించుకుంటూ అన్నాడు. ఇంట్లో ఉప్పు అయిపోనాది అన్నట్టు అన్నాడు. నేను అప్పుడు మూడో ఇంటి క్యారేజీ ఆయన చేతికి అందిస్తున్నాను. ఏటి సిరా, ఎక్కడి సిరా అని అడిగేలోగా గేటు చప్పుడయినాది.

మా ఝపటాపూర్ వీధిలో జ్వరాలొచ్చి తలుపులేసుకున్న ఇళ్ళు మూడున్నాయి. "భోజనాల సంగతి నేను సూసుకుంటాను, బెంగెట్టుకోకండి" అని వాళ్ళకి ఫోన్లో మాటిచ్చినోడు మా ఆయన. వండేది నేను. నన్నొక మాట అడిగినాడా అంటే, అదేటి ప్రశ్న అన్నట్టు చూస్తాడు. పొద్దున్న ఐదింటికి లేచి ఆ మూడిళ్ళకీ మా ఇంటికీ అన్నం, పప్పు, ఆ చివరింటి ముసలాయనకి కారం లేని కూర. క్యారేజీలు గేట్లకి తగిలించి వచ్చేది మాత్రం ఈయన. "అమర్‌నాథ్ దాదా దేవుడు బౌదీ" అని అందులో ఒక బెంగాలీ ఇంటావిడ, నన్ను వదినా అని వరస కలిపి, నాకే ఫోన్ చేసి మరీ చెప్పినాది. అవునమ్మా, దేవుడే, దేవుడెప్పుడైనా గిన్నెలు తోమినాడా అని లోపల అనుకున్నాను. పైకి నవ్వినాను. నవ్వడం నాకు బాగా అలవాటు.

చేతులు కడుక్కుని వెనకగదిలోకి వెళ్ళినాను. అత్త చాప మీద పడుకునున్నాది. మే నెల, మధ్యాహ్నం రెండు దాటినాది. కరోనా రెండోసారి వచ్చి ఊరు మళ్ళీ మూసేసినారు, లోకల్ రైళ్ళు ఆపేసినారు. నేను ఈ ఖరగ్‌పూర్‌లోనే పుట్టినదాన్ని. రాత్రంతా ఇంజన్లు కూసినా ఒళ్ళెరగకుండా పడుకుంటాను. ఈ చప్పుడు లేకపోవడమే నన్ను తినేస్తున్నాది. మలంచా రోడ్డు మీద అంబులెన్సు పోతే అది ఏ మలుపు తిరిగినాదో, ఎక్కడ ఆగినాదో వంటింట్లోంచే తెలిసిపోతున్నాది. అది ఆగినాక వీధంతా ఊపిరి బిగబట్టి వింటుంది, నాతో సహా.

అత్త కుడిచెయ్యి ఒంటికి దూరంగా, చాప దాటించి నేలమీద పెట్టుకునున్నాది. తనది కాని చెయ్యిని పక్కన పెట్టినట్టు. బొటనవేలు చూసినాను. కాస్త సిరా కాదు, వేలు మొత్తం ఊదారంగు. గోరు మొదల్లోకి కూడా దిగిపోయుంది. గుడ్డకి కొబ్బరినూనె రాసి నెమ్మదిగా తుడవబోతే, కళ్ళు మూసుకునే ఉన్నాది గానీ గుప్పిట మెల్లగా, ఒక్కొక్క వేలే, మూసుకుపోనాది. నిద్రపోతున్న మనిషి గుప్పిట అలా మూయదు. గుడ్డ అక్కడే పెట్టేసి లేచినాను.

ముందుగదిలో టీవీ మీద దొరికినాది అసలు సంగతి. సిరా డబ్బా, దాని కింద కాయితాలు. మా ఆయన పనిచేసే రైల్వేలో అందరి ఇంటోళ్ళకీ టీకాలు వేయిస్తున్నారు, దానికి ఒప్పుకోలు కాయితం. హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఉన్నాది. మొదటి పేరు అప్పలనర్సమ్మ, అరవై ఏడు, మా అత్త. కింద రాసున్నాది, 'ఇది నాకు చదివి వినిపించారు, నాకు అర్థమయింది, నా ఇష్టంతోనే.' ఆ పక్కన అత్త వేలిముద్ర, చక్కగా, గుండ్రంగా. నిద్రలో నొక్కించుకున్నాడు మహానుభావుడు. రెండో కాయితం సత్యవాణి, నలభై ఒకటి, నేనే. నా సంతకం చోట నా పేరు రాసున్నాది, ఆయన రాతతో. నా పేరులో 'ణి' కి గుడి కూడా సరిగా పెట్టలేదు.

నాకు సూది ఒద్దని కాదు. పక్కవీధి రాజ్ కిరణ్ ఆక్సిజన్ దొరక్క పోయినాడు, నలభై నిండలేదు. ఆ రోజు నుంచీ ఎప్పుడేయిస్తారని నేనే ఈయన ప్రాణం తీస్తున్నాను. కానీ అడిగితే రెండు నిమిషాల్లో పెట్టే సంతకం కదా, వంటింట్లోనే కదా ఉన్నాను! ఈ రైలు కొంపల్లో మేం అంతేలెండి. రైలు పాసు మీద ఆయన పేరు కింద మేం, మందుల కార్డు మీద ఆయన నంబరు కింద మేం. నా పేరు చెబితే ఎవరూ ఎరగరు, ఆయన నౌకరీ టికెట్ నంబరు చెబితే "ఓ, వాళ్ళావిడా" అంటారు. ఇరవై ఏళ్ళు ఆ నంబరుకి పలికి పలికి, ఇలాంటిది తప్పని ఈయనకి తట్టకుండా చేసింది నేనే కదా అని కూడా అనిపించినాది.

అత్త సంగతి వేరు. అత్త ఒద్దన్నాది. టీకా మాట టీవీలో విన్న దగ్గర్నుంచీ "నాకొద్దు, నన్నొగ్గీండి" అంటూనే ఉన్నాది. ఎవరైనా చేతిలో రిజిస్టరు పట్టుకుని గేటు తీస్తే చాలు, బియ్యం డ్రమ్ము వెనక్కి వెళ్ళి కూర్చుంటాది. జనాభా లెక్కలోళ్ళొచ్చినా అంతే, ఓటరు లిస్టువాళ్ళొచ్చినా అంతే. "మా అమ్మకి కాస్త పిచ్చి, పట్టించుకోకండి" అని మా ఆయన నవ్వుతూ చెప్పేవాడు. మేమంతా నవ్వేవాళ్ళం. 

ఫోన్ చేసినాను. "ఏటండీ ఇది? నిద్రపోతున్న మనిషి చేత ముద్ర వేయించుకుంటారా?"

"అబ్బ, మళ్ళీ మొదలెట్టకు. రేపు ఎనిమిదింటికి క్యాంపు. కంట్లో సుక్కలేయిస్తామని సెప్పి ఆటో ఎక్కించీ, మిగతాది నేను సూసుకుంటాను."

"ఆవిడ ఒద్దన్నాది కదా."

"ఆవిడకేటి తెలుసు? ఆవిడ బాగుకే కదా సేస్తన్నాను. నాన్న కూడా అప్పట్లో ఇలాగే ఎట్టించీసినాడు. అడిగితే ఒప్పుకునే మనిషేటి?"

"అప్పట్లో ఏటి?"

"ఏటీ నేదులే. ఏలు తుడిసీ" అని పెట్టేసినాడు.

ఫోన్ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. అప్పుడు వినపడినాది, వెనకగదిలోంచి. అత్త గొంతే, కానీ అత్త మాట్లాడే తీరు కాదు. ఎవరో పెద్ద గదిలో నిలబడి హాజరు పిలుస్తున్నట్టు, ఒక్కొక్క పేరూ పిలిచి, ఆగి, మళ్ళీ ఇంకో పేరు.

"చిలకమ్మ."

కాసేపు ఏమీ లేదు.

"సుజాతమ్మ."

ఆ ఆగడం ఉందే, అదే భయం వేసినాది. ఖాళీగా ఆగడం లేదు, అవతలివాళ్ళు పలకడానికి పట్టేంతసేపు ఆగుతున్నాది. పలికినాక తల ఊపుతున్నాది కూడా. పది పేర్లయినాయి. పదకొండోది "అప్పలనర్సమ్మ." దానికి తనే పలికినాది, సన్నగా, ఇరవై ఏళ్ళ పిల్ల గొంతుతో. ఆ తరవాత, 

"సత్యవాణి."

"ఉన్నాను" అనేసినాను. ఎందుకన్నానో నాకు తెలీదు. గదిలోకి పరిగెత్తినాను. అత్త లేచి కూర్చుని ఉన్నాది, ఊదారంగు వేలు మొహానికి ఎదురుగా పట్టుకుని చూసుకుంటున్నాది. కళ్ళు మాత్రం మామూలుగా ఉన్నాయి.

"ఈసారి ఏటి తీసీస్తారే?" అన్నాది. "నాకాడ ఇంకేటుందని?"

ఓలమ్మా, అదేటి మాట! పక్కన కూలబడ్డాను. "ఏటత్తా, ఎవరేం తీసినారు?" అని గుడ్డ తీసుకుని వేలు పట్టుకోబోయినాను.

"తుడవకే. తుడిసీసినా పిలుస్తారు."

అప్పుడు చెప్పినాది. పెళ్ళయి వచ్చిన ఇరవై ఏళ్ళలో నాతో ఇంత మాట్లాడిందెప్పుడూ లేదు. కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి అడిగినాను, ఒక్కగానొక్క కొడుకేనా అత్తా అని. ఆ రోజంతా అన్నం తినలేదు. మళ్ళీ అడగలేదు నేను.

"ఎమర్జెన్సీ అనీవోరు అప్పుడు. నీ మావకి నౌకరీ పక్కా అవనేదు, రోజుకూలీ. కేసు తెస్తే నీ పేరు పంపుతానన్నాడంట మేస్త్రి. కేసంటే పిల్లలు పుట్టకుండా సేసీ ఆపరేషనే. మగోళ్ళు సేయించుకుంటే సాలంట. నీ మావ బయపడ్డాడు, బరువులెత్తీవోణ్ణి నడుం పోతాదన్నాడు. నాకా సంగతి సెప్పనేదు. అమ్మోరు సూది ఏస్తన్నారు, రా అన్నాడు. అమ్మోరంటే అందరికీ బయమే కదా, నిజమే అనుకున్నాను. కొత్త కోక కట్టుకున్నాను. లారీలో పదకొండు మందిమి. ఎల్లి సూస్తే అదో ఇస్కూలు. బల్లలు గోడకి జరిపీసి గుడ్డలు కట్టినారు. పేరు పిలిస్తే 'ఉన్నాను' అనాల. ఏలు పట్టుకుని సిరాలో ముంచి నొక్కీసినారు. నాకప్పటికి బెంగాలీ రాదు, హిందీ రాదు. నేనేటో సెప్పబోతే ఆ నర్సు మాటాడొద్దని నోటిమీద ఏలెట్టినాది. లెగిసినప్పటికి పొట్టకి కట్టు. చిలకమ్మ లెగనేదు."

"లెగలేదంటే?"

"లెగనేదే." అంతకన్నా చెప్పలేదు. "నీ మావ గేటుకాడ బీడీ కాలుస్తన్నాడు. అయిపోనాదా, నడవగలవా అన్నాడు. నడిసినాను."

ముందుగదిలో మావయ్య ఫొటో ఉన్నాది. తవిటయ్యగారు, దండేసిన ఫొటో. రోజుకూలీగా వచ్చి పర్మినెంటై ఇల్లు కట్టిన మనిషని చుట్టాలందరూ చెప్పుకుంటారు, నేనూ నా పిల్లలకి అలాగే చెప్పినాను. ఆ నౌకరీ మీద కట్టిన గోడల మధ్య కూర్చుని ఉన్నామిద్దరం. నాకు ఒళ్ళు మండిపోనాది. ఏడుపూ వచ్చినాది. ఏది ముందో తెలీలేదు.

ఆరింటికి ఈయన వచ్చినాడు. ఖాళీ క్యారేజీలు గుమ్మంలో పెట్టి, "తుడిసినావా?" అన్నాడు.

"మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

ఏది అని అడగలేదు. అదొక్కటి మంచిపని చేసినాడు. "నాన్న పోయీముందు సెప్పినాడు" అన్నాడు కుర్చీలో కూర్చుంటూ.

మావయ్య పోయి పన్నెండేళ్ళు. పన్నెండేళ్ళుగా తెలుసు. "మరి ఆవిడ దాక్కుంటే పిచ్చి అని ఎందుకు చెప్పినారండీ అందరికీ?"

ఆయన మాస్కు దారం వేలికి చుట్టుకుంటూ కూర్చుని, గొంతు పెంచినాడు. "నలభై ఐదేళ్ళ కిందటి మాటకీ దీనికీ ఏటి సంబంధం? ఇది ప్రాణం నిలబెట్టీ సూది. రేపు అమ్మకి ఏటైనా అయితే? ఊపిరి అందక గిలగిల్లాడితే? నీదేనా పూచీ?"

ఆయన చెప్పింది అబద్ధం కాదు. రాజ్ కిరణ్ వాళ్ళమ్మ ఏడుపు ఇంకా చెవుల్లో ఉన్నాది. అత్తకి ఆ సూది పడాలనే నాకూ ఉన్నాది, ఒట్టు.

"పూచీ నాదే" అన్నాను. "అయినా అడగందే రేపు ఆటో ఎక్కించను. కంటి చుక్కలని చెప్పను. అడగడానికి ఎంతసేపు పడతాదండీ?"

"అడిగితే ఒద్దంటాది."

"అంటే ఒద్దని రాస్తాను. మళ్ళీ వారం మళ్ళీ అడుగుతాను."

రెండు కాయితాలూ ఆయన ఎదురుగానే చింపేసినాను. ఇరవై ఏళ్ళలో ఆయన చేతి రాత చింపడం అదే మొదలు. ఖాళీ కాయితాలు ఇంకా రెండున్నాయి. ఒకటి తీసి ముందు నా పేరు నేను రాసి సంతకం పెట్టినాను. రెండోదాని మీద అత్త పేరు, వయసు రాసి, అది పట్టుకుని వెనకగదిలోకి వెళ్ళి దీపం వేసినాను. ఈయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అత్తా, రేపటి సూది సంగతి ఇందులో ఉన్నాది. చదువుతాను, విను. నచ్చితే సరే, లేకపోతే లేదు. నిన్నెవరూ ఎత్తుకుపోరు."

అత్త నా వైపు చూడలేదు. చాప మీద పక్కకి జరిగినాది, ఇంకా జరిగినాది, గోడ వరకూ. ఇంకొందరు కూర్చోడానికి చోటిచ్చినట్టు జరిగి, "సదువు, అందరికీ ఇనపడీలాగ సదువు" అన్నాది. ఖాళీ చాప వైపు చూసి నేను గొంతు పెంచి, హిందీలో ఉన్నదాన్ని తెలుగులో చెప్పుకుంటూ చదివినాను. నవ్వు రాలేదు నాకు. గుమ్మంలో ఈయనా నవ్వలేదు.

చదివినాక ప్రశ్నలు. "జ్వరమేమైనా ఉందా?"

"నేదు."

"ఏ మందైనా పడక ఒంటిమీద దద్దుర్లు లేచినాయా ఎప్పుడైనా?"

"నేదు."

"దెబ్బ తగిలితే నెత్తురు ఆగదా?"

"ఆగుతాది."

తరవాతది వదిలేసి కిందకి వెళ్ళిపోయినాను.

"ఏటదీ, మానేసినావు?" అన్నాది. చదువు రాని మనిషి, నా వేలు గీత దాటడం కనిపెట్టినాది.

"అది నీక్కాదులే అత్తా. కడుపుతో ఉన్నారా అని."

అత్త చాప మీద ఖాళీ చోటు వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగినాది.

"అప్పుడు మూడో నెల" అన్నాది. "సూది ఏయించుకుంటానో నేదో రేపు సెప్తాను. ముందది రాయి."

గుమ్మంలో మా ఆయన తలుపు పట్టుకున్నాడు. నేను కలం తీసి, అప్పలనర్సమ్మ, అరవై ఏడు అన్న పేరు కింద, ఆ ప్రశ్న ఎదురుగా, అవును, మూడో నెల అని రాసినాను.