కంప్యూటరుకు మాటలు రాసిన వదిన

ఆ ఆఫీసులో అందరూ ఆవిడను వదిన అనే పిలిచేవారు. నిజానికి ఆవిడ ఒక్కడికే వదిన. అక్కడ ఇన్‌స్టాలేషన్ ప్రోగ్రాము రాసేవాడు ఆవిడకు మరిది. అంతకుముందు వదిన మిక్సీలూ ఫ్యాన్లూ ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాసేది. డెస్క్‌టాప్ ఆపరేటింగ్ సిస్టం తయారుచేస్తున్న తమ కంపెనీకి సందేశాలు రాసే మనిషి కావాలని మరిది ఇంటికొచ్చి చెప్పడం, ఆవిడ చేరిపోవడం చకచకా జరిగిపోయాయి.

సందేశాలంటే, కంప్యూటరు మొరాయించినప్పుడు తెరమీద ఓ చిన్న పెట్టె వస్తుంది కదా, అందులోని మాటలు. అప్పటిదాకా వాటిని ప్రోగ్రామర్లే రాసుకునేవారు. ఒకడు "లోపం" అని రాశాడు. వివరం కావాలని నొక్కితే "మళ్లీ లోపం" అని వచ్చేది.

వదిన వాటన్నిటినీ తీసేసి, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు రాసి డైరెక్టరుగారికి పంపింది. బరువు లేదని ఆయన తిప్పి పంపారు. బరువుగా రాసి పంపితే, అర్థం కావడం లేదన్నారు. ఆ తర్వాత రాసినవి ఆయన బల్లమీదే ఉండిపోయాయి. ఎప్పుడు చూస్తారని అడిగితే, "చూద్దాం" అన్నారు.

ఆయన అన్నిటికీ అదే అనేవారు. చెడ్డమనిషి కాదు. ఎవరినీ పల్లెత్తు మాట అనరు. ఏదైనా తేల్చి చెప్పమంటేనే వస్తుంది చిక్కు. ప్రింటర్లను పనిచేయించే భాగం ఎవరు రాయాలో తేలక, ఆయన గది చుట్టూ తిరిగి తిరిగి మరిది చెప్పులరిగిపోయాయి. ఒకరోజు వదిన ఎదుటే అడిగాడు. ప్రింటరు సంగతి తన దృష్టికి రాలేదన్నారు డైరెక్టరుగారు, ఎంతో మర్యాదగా. మరిది మొహం వేలాడేసుకుని బయటికొచ్చాడు. వదిన మాత్రం తన సీటుదాకా నవ్వు ఆపుకుంటూ వచ్చింది.

కంప్యూటరుకు కావలసిన గొంతు అదేనని ఆవిడకు తట్టింది. పని చేసిపెట్టదు, తప్పు ఒప్పుకోదు, ఎదుటివాడికి కోపమూ రానివ్వదు. ఇంతకంటే ఏం కావాలి?

సాయంత్రానికల్లా రాసేసింది. ప్రింటరు దొరక్కపోతే, "ప్రింటరు సంగతి నా దృష్టికి రాలేదు." కంప్యూటరు నత్తనడక నడుస్తుంటే, "పని జరుగుతూనే ఉంది. తొందరపడితే లాభం లేదు." డిస్కు నిండిపోతే, "ఉన్నదాంట్లోనే సర్దుకోవాలి." ప్రోగ్రాము పూర్తిగా బిగుసుకుపోతే ఒకటే మాట, "చూద్దాం." దానికింద నొక్కడానికి ఒకటే బటను, "సరే."

మరిది చదివాడు. లేచి తలుపు వేసొచ్చి మళ్లీ చదివాడు.

"వదినా, నీ ఉద్యోగం ఊడితే అన్నయ్య నన్ను గడప తొక్కనివ్వడు," అన్నాడు. అంటూనే మొత్తం సిస్టంలోకి ఎక్కించేశాడు.

డైరెక్టరుగారు చదివి మురిసిపోయారు. ఇన్నాళ్లకు హుందాగా ఉన్నాయన్నారు. ఎక్కడో విన్నట్టుంది గానీ గుర్తురావడం లేదన్నారు. అక్కడికక్కడే అన్నిటినీ ఖాయం చేసేశారు. ఆయన అంత తొందరగా దేన్నయినా తేల్చిన దాఖలా అంతకుముందు లేదు.

ఇక ప్రోగ్రామర్లు పనిగట్టుకుని సిస్టాన్ని పడగొట్టడం మొదలుపెట్టారు, ఏ పెట్టె వస్తుందో చూడాలని. ఆ వంకన, ఎన్నాళ్లుగానో నక్కి ఉన్న లోపాలు బోలెడు బయటపడ్డాయి.

వాడి చూడటానికని డైరెక్టరుగారు ఒక కాపీ ఇంటికి పట్టుకెళ్లారు. ఆయన భార్య లెక్కల టీచరు. ప్రశ్నపత్రాలు అందులో టైపు చేసుకోసాగారు. కొన్నాళ్లకు ఆఫీసుకు ఫోను చేసి, ఆ మాటలు రాసినావిడను పిలవమన్నారు. ఉద్యోగం ఊడినట్టేననుకుంటూ వదిన ఫోను అందుకుంది.

"మా ఇంట్లో చూద్దాం అనేవారు ఇన్నాళ్లూ ఒక్కరే ఉండేవారమ్మా," అన్నారు టీచరుగారు. "ఇప్పుడు ఇద్దరయ్యారు."

అవతల సన్నగా నవ్వు వినిపించాక గాని వదినకు ధైర్యం రాలేదు. టీచరుగారు ఫోను చేసింది దెబ్బలాడటానికి కాదు, ఒక లోటు చెప్పడానికి. ఇంట్లో ఏదైనా కనబడకపోతే ఆయన అనే మాట ఒకటుందట, అది ఇందులో లేదట. ఆ మాటను వదిన, ఫైలు దొరకనప్పుడు వచ్చే పెట్టెలో పెట్టేసింది.

కొనడానికి ముందు సిస్టాన్ని చూసుకుంటామని ఒక పెద్ద సంస్థవాళ్లు వచ్చారు. వాళ్ల అధికారి ఒకావిడ, నవ్వు కూడా ఖర్చే అనుకునే మనిషి. సమావేశం గదిలో గోడ నిండా తెర. మరిది కంప్యూటరు దగ్గర కూర్చున్నాడు. డైరెక్టరుగారు నిలబడి వివరిస్తున్నారు.

అధికారి ఒక ప్రింటు తీసి చూపించమన్నారు. మరిది నొక్కాడు, ఏమీ రాలేదు. ప్రింటరు సంగతి తన దృష్టికి రాలేదని డైరెక్టరుగారు అంటుండగానే, అదే మాట గోడమీద వచ్చి కూర్చుంది. వెనక వరసలో ప్రోగ్రామర్లు తలలు దించుకున్నారు. ఏదో కాకతాళీయం అనుకున్నారాయన. ఇంకో ప్రోగ్రాము తెరవమంటే అది తెరుచుకోదు. ఇంకెంతసేపని అధికారి అడిగారు. పని జరుగుతూనే ఉందని ఆయన, పని జరుగుతూనే ఉందని గోడ. అధికారి పెదవులు కదిలాయి. కంగారులో మరిది పొద్దున దాచిన ఫైలు ఒకటి తెరవబోయాడు. అదీ లేదు. గోడమీద పెట్టె వచ్చింది.

"తీసినచోట పెడితే ఎక్కడికీ పోదు."

సర్దిచెబుదామని నోరు తెరిచిన డైరెక్టరుగారు అలాగే ఉండిపోయారు. ఆ మాట ఆయన ఆఫీసులో ఎన్నడూ అనలేదు. ఇంట్లోనే, అదీ ఒక్క మనిషితోనే అంటారు. మెల్లగా వదినవైపు తిరిగారు. వదిన తన గోళ్లు చూసుకుంటోంది.

అధికారి పగలబడి నవ్వారు. మనిషీ కంప్యూటరూ కలిసి ఇంత బాగా రిహార్సలు చేసుకొచ్చిన కంపెనీని తాను చూడలేదన్నారు. డైరెక్టరుగారు తేరుకుని, అంతా ముందే అనుకున్నామన్నారు. ప్రింటరు ఒక్కటీ బాగుచేస్తే కొంటామని చెప్పి వాళ్లు వెళ్లారు.

ఆ వెంటనే వదినకు పిలుపొచ్చింది. రాజీనామా మాటలు మనసులో కూర్చుకుంటూ ఆయన గదిలోకి వెళ్లింది.

"మా ఆవిడ మీకు ఎన్ని చెప్పింది?" అడిగారాయన.

"ఒక్కటేనండి."

గండం గడిచినట్టు ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. మళ్లీ ముందుకు వంగి, "నేను నిజంగా అంతలా అంటానా, చూద్దాం అని?" అన్నారు.

ఆయన మొహం చూస్తే వదినకు జాలేసింది. అయినా దాచలేదు. "అంటారండి. ఇక్కడ మీ పేరే అది."

ఆయన కోప్పడలేదు. వాటిని తీసేయమనీ అనలేదు. కాని అప్పటినుంచి, ఎవరేమడిగినా నాలిక చివరకొచ్చిన మాట కంప్యూటరు మాటలా తోచి మింగేయాల్సి వచ్చేది. మింగాక ఏదో ఒకటి చెప్పాలి కదా, అవుననో కాదనో చెప్పేసేవారు. ప్రింటరు పని మరిదికే అంటగట్టారు. అడిగిన పాపానికి తనకే చుట్టుకుందని వాడు గొణుక్కుంటూ పూర్తిచేశాడు. సిస్టం అనుకున్న నెలలోనే విడుదలైంది.

ఆ సాయంత్రం ఆఫీసులో చిన్న విందు. టీచరుగారు వచ్చి వదిన పక్కన కూర్చున్నారు. ఇంట్లో ఎలా ఉందని వదిన అడిగింది.

"ఏముందమ్మా, ఏదడిగినా వెంటనే సరేనంటున్నారు. కుళాయి బాగుచేయించారు, కర్టెన్లు మార్పించారు. పోట్లాడటానికి ఏమీ మిగల్లేదు. పొద్దుపోక చస్తున్నాను."

ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి, ఆయన తన బావమరిదితో ఫోనులో మాట్లాడే తీరు అనుకరించి చూపించసాగారు. వదిన పొట్ట పట్టుకుని నవ్వుతోంది. గదికి అవతలివైపు ఎవరితోనో కబుర్లాడుతున్న డైరెక్టరుగారి చూపు వాళ్లమీద పడింది. చేతిలో ప్లేటు పక్కవాడికి అప్పగించి, పరుగులాంటి నడకతో వచ్చి, ఇద్దరి మధ్యా కుర్చీ వేసుకుని కూర్చున్నారు.