మొద్దుబారిన వేళ్లు

ఇరవై మంది ఆడవాళ్లు కొత్త క్రీము చెంపలకు రాసుకుని చూశారు. పద్దెనిమిది మంది ఒకే మాట రాశారు: జిడ్డు. వెంట్రుకలు ముఖానికి అతుక్కుపోతున్నాయని కూడా రాసింది ఒకావిడ.

బల్ల మీద పడ్డ ఆ కాగితాలను గుమ్‌రాన్ రెండుసార్లు చదివింది. కొరియాలో ఒసాంగ్ అనే ఊళ్లోని ఆ క్రీముల కంపెనీలో ఇరవై రెండేళ్లుగా ఆమె వేళ్లదే చివరి మాట. క్రీము నునుపుగా ఉండటానికి కలిపే సిలికాన్ మానేసి, ఆ నునుపంతా మొక్కల నూనెలతోనే తేవాలని ఈ ఏడాది పూనుకున్నారు. కొబ్బరి నుంచి తీసిన, తొందరగా ఆవిరయ్యే పలుచని తైలం, కెమీలియా అనే పూలచెట్టు గింజల నూనె ఏ పాళ్లలో కలిస్తే చర్మం మీద పట్టులా జారుతుందో యంత్రాలు సరిగా చెప్పలేవు. వేలికొసలతో రాసి చూడాల్సిందే.

ఆ వేలికొసలే నిరుడు వాడిన కేన్సర్ మందులకు మొద్దుబారిపోయాయి. స్పర్శ మళ్లీ వస్తుందిలే అనుకుంది. రాలేదు. ఎవరికీ చెప్పలేదు. తన కింద పనిచేసే యున్‌జంగ్ క్రీము రాసుకుంటుంటే ఆమె ముఖం కనిపెట్టి చూసేది. కనుబొమలు ముడిపడితే "జిడ్డుగా ఉంది" అనేది, లేకపోతే "బావుంది" అనేది. ఈ క్రీము పని మొదలైన ఆరు నెలలూ అలాగే నెట్టుకొచ్చింది. చెల్లెలి కాన్పుకని యున్‌జంగ్ సెలవు పెట్టిన వారంలో మాత్రం ఆఖరి నమూనాను ఒక్కతే ఎంచాల్సి వచ్చింది. కళ్లు మూసుకుని ఒకటి ఎంచేసింది.

డైరెక్టర్ గ్వాక్ కాగితాలు తిరగేసి యున్‌జంగ్ వైపు చూశాడు. "తూకాలు వేసి వెళ్లింది నువ్వే కదా? ఊరెళ్లే హడావుడిలో ఏం పోశావో ఏమో!"

"లేదు సార్, రెండేసి సార్లు చూసుకున్నాను."

"అయితే మేడమ్ వేళ్లు తప్పు చెప్పాయంటావా?"

యున్‌జంగ్ తల దించుకుంది. ఆయన తలుపు దాకా వెళ్లాక గానీ గుమ్‌రాన్ నిజం చెప్పలేదు.

"సార్, తూకం సరిగానే ఉంది. నా వేళ్లకే స్పర్శ లేదు. ఏడాదైంది."

ఆయన వెనక్కి తిరిగాడు. "ఇప్పుడా చెప్పడం?" అని బయటికి నడిచాడు.

యున్‌జంగ్ చేతిలోని సీసా ఠక్కున బల్ల మీద పెట్టింది. "అందుకా అక్కా, నన్నలా గుడ్లప్పగించి చూసేదానివి? నా మీద నమ్మకం లేదనుకున్నాను. ఇంటికెళ్లి ఏడ్చేదాన్ని, తెలుసా?"

"చెబితే పక్కన పెట్టేస్తారని భయపడ్డానే."

"ఇందాక ఆయన నన్ను కడిగేస్తుంటే? అప్పుడూ భయమేనా?"



సోమవారానికల్లా ఆమెను పై అంతస్తులో కాగితాల పనికి మార్చారు. క్రీము విడుదల వసంతానికి వాయిదా పడింది. యున్‌జంగ్ క్యాంటీన్‌లో ఎదురుపడ్డా వేరే బల్ల దగ్గర కూర్చునేది.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం తన పళ్లెం తెచ్చి ఎదురుగా పెట్టింది. ముఖం ఇంకా ముడుచుకునే ఉంది.

"కెమీలియా సగానికి తగ్గించాను. అయినా జిడ్డే. ఏం చెయ్యమంటారు?"

"రాసిన వెంటనే చూస్తున్నావు. అయిదు నిమిషాలాగి, చెంప మీద అరచెయ్యి ఆనించి చూడు. జిడ్డు బయటపడేది అప్పుడే. కొబ్బరి తైలం తొందరగా ఎగిరిపోయి కెమీలియా ఒక్కటే మిగులుతోందేమో, కాస్త బరువైన రకం కలిపి చూడు."

యున్‌జంగ్ చిన్న పుస్తకంలో అంతా రాసుకుంది. అన్నం సగంలోనే వదిలేసి లేచి ల్యాబుకి వెళ్లిపోయింది. గుమ్‌రాన్ చల్లారిపోయిన సూప్ ముందు చాలాసేపు కూర్చుంది.