పదకొండు పగుళ్లు

ఆరో పలక ఎప్పుడూ మొరాయిస్తుంది. సత్యానందం దాని కింద భుజం పెట్టి, ఊపిరి బిగబట్టి, కొంచెం ఎడమకు వంచి లేపాడు. పలక గాడిలోంచి బయటికొచ్చింది. ఇంకా ఆరు.

బందరులోని ఆ ప్రార్థనా మందిరానికి శిఖరం లేదు, గంట స్తంభం లేదు. వీధిలోంచి చూస్తే బడిలాగే ఉంటుంది. నిజానికి సగం బడే. మందిరానికీ పక్కనున్న రెండు తరగతి గదులకూ నడుమ గోడకు బదులు పన్నెండు టేకు పలకలున్నాయి. శనివారం అవి తీసేస్తే మూడు గదులూ ఒకటై, ఏ మూల కూర్చున్నవాడికైనా ప్రసంగ పీఠం కనిపిస్తుంది. మైకు అక్కర్లేదు. పిల్లల చూపు వీధిలోకి పోకుండా కిటికీలు మనిషెత్తుకు పైన పెట్టారు. గాలి మాత్రం వాటిలోంచి దిగి వెనక బల్లల దాకా వస్తుంది. భార్య పోయిన ఏడాది సత్యానందం మధ్యాహ్నాలన్నీ ఆ గాలిలోనే కూర్చుని గడిపాడు.

ముప్పై ఎనిమిదేళ్లుగా ఊడ్చడం, తుడవడం, పలకలు తీసి పెట్టడం ఆయన పని. వేళ్ల కణుపులు కాయలు కాసి నల్లబడ్డాయి.

"ఆపు మావయ్యా. ఈ వారం తియ్యక్కర్లేదు."

సంఘ కార్యదర్శి దానియేలు. మూడో తరగతిలో పెళ్లి బ్యాండు చూస్తానని ఏడిస్తే, సత్యానందం భుజాన ఎక్కించుకుని కిటికీలోంచి చూపించిన పిల్లవాడే.

"రేపు ఆరాధన లేదా బాబూ?"

"కల్యాణ మండపంలో పెట్టాం. ఇంజనీరు రిపోర్టొచ్చింది. బిల్డింగు డేంజరంట. సోమవారం పడగొట్టేస్తారు."

సత్యానందం నవ్వాడు. "డెబ్బయ్యేడు ఉప్పెనకి పెంకులు లేచాయి గానీ గోడ కదల్లా. ఎవడన్నాడా మాట?"

"నువ్వే మావయ్యా. పదకొండు పగుళ్లు నువ్వేగా చూపించింది? మొదటి పేజీలోనే నీ పేరు రాశారు."

ఆదివారం నలుగురిలో లేచి సాక్ష్యం చెప్పేటప్పుడు తన తప్పు ఒక్కటీ దాచకూడదన్నది ఆ సంఘం పద్ధతి. పోయిన నెల ఇంజనీరు వస్తే సత్యానందం గోడల గురించీ అలాగే చెప్పాడు. నిచ్చెన వేసి మరీ, వెంట్రుకంత చీలికలు కూడా వేలుపెట్టి చూపించాడు.

"బాగుచేయిస్తానన్నావు కదా. ఏదీ దాచొద్దు మావయ్యా అన్నావు కదా."

"ఎన్నాళ్లని బాగుచేస్తాం చెప్పు? ఏసీ హాలు కట్టాలని కమిటీ పోయినేడే అనుకుంది. పెద్దాళ్లు ఒప్పుకోవద్దూ? నీ మాటైతే కాదనరని..." దానియేలు ఆగిపోయాడు.

"అంటే, నన్నడిగేనాటికే అయిపోయిందన్నమాట."

దానియేలు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "టీ తాగుదాం రా."

సత్యానందం ఏడో పలక దగ్గరికి నడిచాడు. ఎనిమిదోది, తొమ్మిదోది. తీసినవన్నీ వరుసగా గోడకు ఆనించాడు. పన్నెండోదానికి దానియేలే వచ్చి అవతలి కొస పట్టుకున్నాడు. పలక దిగగానే మూడు గదుల్లోంచీ గాలి ఒక్కసారి తోసుకొచ్చింది. సత్యానందం అందులో కాసేపు నిలబడ్డాడు.

తర్వాత తాళాల గుత్తి పీఠం మీద పెట్టి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఎక్కడికి మావయ్యా?"

"చెల్లెలి దగ్గరికి. ఐదింటికి అవనిగడ్డ బస్సుంది."

దానియేలు తాళాల గుత్తి చేతిలోకి తీసుకున్నాడు.

ఆయన మలుపు తిరిగాక తలుపులన్నీ వేసుకుంటూ, వెనక సామాన్ల కొట్టుకి తాళం వేయబోయి ఆగాడు. మూలన తడి గోనెపట్టా కప్పిన మట్టి తొట్టి ఉంది. పట్టా ఎత్తితే బెల్లం, కరక్కాయల వాసన. పగుళ్లు పూడ్చడానికని నెల రోజులుగా నానుతున్న సున్నం. పైన వేలెడు నీళ్లు తేరుకుని, అడుగున వెన్నలా తెల్లగా.