బరువు చూద్దాం రామ్మా

ఒంట్లో ఉన్న జబ్బు పేరు, ఆ ఒళ్ళు మోస్తున్న మనిషికే అందరికంటే ఆఖర్న ఎందుకు తెలుస్తుంది?

ఉప్మా కలుపుతూ శైలజ తనకు తాను వేసుకున్న ప్రశ్న ఇది. కాసేపటి క్రితం అత్తగారు లక్ష్మీనరసమ్మ కరివేపాకు దూస్తూ అంది: “నీ తలకాయలో మచ్చలున్నాయన్న ముక్క బయట ఎవులికీ సెప్పకమ్మా. మనింటి ఆడపిల్ల అత్తోరికి తెలిస్తే మన పరువేటి కావాల?”

శైలజ నరాల డాక్టరు. ఒంటిని కాపాడవలసిన శక్తే తిరగబడి మెదడులోని నరాల పైపొరను తినేసే మల్టిపుల్ స్క్లిరోసిస్ ఆమె ప్రత్యేకంగా చదివిన జబ్బు. కిందటి నెల ఎడమకంటికి ఎరుపు రంగు వెలిసినట్టు కనిపిస్తే, హరిబాబు నడిపే స్కానింగ్ సెంటర్లో తలకు స్కాన్ తీయించుకుని వచ్చింది. “ఫిల్ములు సార్‌కిచ్చాను మేడమ్” అన్నాడతను. “ఏమీ లేదు, అలసట” అన్నాడు భర్త రమేష్‌బాబు. నమ్మడం హాయిగా ఉండి నమ్మింది.

ఇప్పుడు ఆమె అడిగితే, ప్లేటు అందుకుంటూ అతను తలెత్తకుండానే ఒప్పుకున్నాడు. “చెబితే బెంగపెట్టుకుంటావని. అయినా నీకు తెలియని జబ్బా? కాస్త జీడిపప్పు వెయ్యాల్సింది.”

చెబితే బెంగపెట్టుకుంటారన్న ఆ వాక్యం ఆమెకు కొత్తది కాదు. క్లినిక్‌లో తన గదిలో రోగుల భర్తలు, మామలు ఎందరో ఎంతో ప్రేమగా అన్నదే. ప్రతిసారీ ఆమె తల ఊపింది. ఆ ఊపులో తర్కం లేకపోలేదు. ఈ జబ్బుకు మందు వేగాన్ని తగ్గిస్తుంది, పోయినదాన్ని తిరిగి ఇవ్వదు. చూపు, నడక, పట్టు, వీటిలో ఏది ఎప్పుడు సెలవు తీసుకుంటుందో తెలిసినంత మాత్రాన ఆగదు. మరి తెలియకపోతే పోయేదేమిటి? ఇంకా నడవగలిగిన కాళ్ళతో ఎటు నడవాలో తేల్చుకునే వీలు. అంతే. అంత చిన్నది కనకనే ఎవరూ దాన్ని దొంగతనమనుకోలేదు.

అరసవల్లి రోడ్డులోని క్లినిక్‌లో ఆరోజు మొదట వచ్చింది తులసి. సముద్రం ఒడ్డు ఊరి పిల్ల. వెంట భర్త గోవింద్, అత్త లక్ష్మణమ్మ.

“సేపలెండబెట్టమంటే కళ్ళు మసకలంటాది. నీడకొచ్చీసరికి అన్నీ కనబడతాయి. ఇది జబ్బా, ఏసాలా డాట్రమ్మా?” అంది లక్ష్మణమ్మ.

“ఒళ్ళు వేడెక్కితే దెబ్బతిన్న నరం పనిచెయ్యదు.”

“అలాగైతే దీన్ని నీడన కూకోబెట్టి మేపాలేటి?”

శైలజ తులసి ఫిల్ములు లైటు మీద పెట్టింది. మచ్చలు స్పష్టంగా ఉన్నాయి. ఆమె మొహం చూసి నర్సు కూర్మమ్మ అలవాటుగా తులసి భుజం పట్టుకుంది. “రామ్మా, బరువు సూద్దాం.”

ఈ క్లినిక్‌లో ఎవరి బరువుతోనూ పనిలేదు. ఆడమనిషిని బయటికి పంపి, ఇంటివాళ్ళకు జబ్బు పేరు చెప్పడానికి ఏర్పడిన ఆనవాయితీ అది.

“దానికి ఇనబడకుండా సెప్పమ్మా,” అంది లక్ష్మణమ్మ. “బెంగెట్టీసుకుంటాది.”

“కూర్మమ్మా, అమ్మాయిని కూర్చోబెట్టు,” అంది శైలజ. “మీరిద్దరూ బయట ఉండండి.”

“మమ్మల్నా?”

“మిమ్మల్నే.”

తలుపు వేసి, జబ్బు పేరు నిదానంగా చెప్పింది. దాచకుండా చెప్పింది.

“తగ్గుతాదా?”

“తగ్గదు. మందుతో నెమ్మదిస్తుంది.”

తులసి ఏడవలేదు. “అయితే ఏసాలు కాదన్నమాట,” అంది. “అందరూ అంటంటే నాకే అనుమానమొచ్చీసింది, నాను పనిదొంగనేమోనని.” తర్వాత గొంతు తగ్గించింది. “మావోళ్ళకి సెప్పకండమ్మా. కన్నోరింటికాడ దిగబెట్టీస్తారు. పిల్లని నాతో పంపరు.”

“నువ్వు చెప్పమంటేనే చెబుతాను.” అంతకు మించి ఇవ్వడానికి శైలజ దగ్గర ఏమీ లేదు.

బయట గోవింద్ ఎదురొచ్చాడు. “ఫిల్ముల్లో ఏటున్నాదండి?”

“అది తులసి చెప్పాల్సిన మాట. తనకిష్టమైతే చెబుతుంది.”

“అదేటండి! మొగుణ్ణి నానుండగా?”

ఆటో ఊరు చేరకముందే ఆ మాటను తులసి నోట్లోంచి లాగేస్తారని శైలజకు తెలుసు. గోడ పట్టుకుని మెట్లు దిగుతున్న ఆ పిల్లను కనుమరుగయ్యేదాకా చూసి, హరిబాబుకు ఫోన్ చేసింది.

“నా స్కాన్ నేను చూడాలి.”

“సార్‌ని ఒకమాటు అడిగి, మేడమ్...”

“తల నాది హరిబాబు గారూ. కంప్యూటర్ తెరిచి ఉంచండి.”

కూర్చున్నవాళ్ళను కాసేపు ఆగమని కూర్మమ్మతో చెప్పి, చెప్పులు తొడుక్కుని ఎండలోకి నడిచింది.