ముప్ఫై ఆరు గింజలు

సోయా గింజలు వేయిస్తున్నాను. మూకుట్లో గింజ చిటపటమన్నప్పుడల్లా మిజుహో అక్క ఉలిక్కిపడి వీధి తలుపు వైపు చూస్తోంది.

"కలపవే, మాడిపోతున్నాయి" అంది అమ్మ. రాక్షసులు దగ్గరికి రాకుండా చేప తల గుచ్చిన ముళ్లాకు రెమ్మను అప్పటికే గుమ్మానికి కట్టింది.

చలికాలం సెలవు తీసుకునే ఈ సాయంత్రం ఇంటింటికీ రాక్షసుడు వస్తాడు. పిల్లలు గింజలతో కొట్టి తరుముతారు. మా ఇంట్లో ఆ వేషం ఎప్పుడూ కజుమా బావదే. పోయిన వేసవిలో అక్కా ఆయనా విడిపోయారు. అప్పటినుంచి ఆయన తన కూతురు సుజును చూడలేదు. ఎంతో బతిమాలితే అక్క ఒక్క షరతు మీద ఒప్పుకుంది. ముసుగు తీయకూడదు, నోరు విప్పకూడదు. తప్పితే మళ్లీ ఈ గడప తొక్కనివ్వదు.

"గుర్తుపడితే నాన్న వచ్చేశాడనుకుంటుంది. ఆ ఆశ నేనెక్కడ తీర్చను?" అంది అక్క గొంతు తగ్గించి. "అసలు రాక్షసుణ్ణి కొడుతుందో లేదో. అంతా నీ పుణ్యమే."

టీవీలో ఓ బొమ్మల కథ సుజుకు చూపించింది నేనే. వీరుడు దీవికి వెళ్లి రాక్షసుల్ని ఓడించే పాత కథను అందులో తిరగేశారు. కత్తి పట్టుకుని పడవలో దిగిన వీరుడే దొంగ. రాక్షసుడేమో పిల్లల బట్టలు ఉతికి ఆరేసుకుంటున్న అమాయకుడు. సుజు పడీపడీ నవ్వింది. మొన్న ఎవరో సరుకులమ్మే అతను తలుపు తడితే లోపలికి పిలిచి, తన కమలాపండు ఒలిచి పెట్టింది.

"చెడ్డవాణ్ణి చూసి భయపడటం కూడా రావాలే పిల్లకి" అంది అక్క.

"ఆకలేస్తోందా అని అడగడం తప్పా?"

"నీకు పిల్లలు పుట్టాక చెప్పు."

తలుపు దడదడలాడింది. ఎర్ర ముసుగు, రెండు కొమ్ములు, భుజాల మీద మంచు.

"కొట్టవే! రాక్షసుడు బయటికి, అదృష్టం లోపలికి!" అమ్మ గుప్పెడు విసిరేసింది.

పక్కగదిలోంచి సుజు పరుగెత్తుకొచ్చి, చేతులు చాపి అడ్డం నిలబడింది. "ఆగు అమ్మమ్మా! ముందు పలకరించాలి."

"పలకరించడానికి వాడేమన్నా చుట్టమా?" అనేసి అమ్మ నాలుక కరుచుకుంది.

"కూర్చో" అంది సుజు. ఆయన మా అక్క వైపు చూశాడు. అక్క చూపు తిప్పుకుంది. బూట్లు విప్పకుండానే గుమ్మం లోపలి మెట్టు మీద కూర్చున్నాడు.

ఈ రోజు ఎవరి వయసెంతో అన్ని గింజలు తినాలి. సుజు పళ్లెం తెచ్చి ఆయన అరచేతిలో ఒక్కొక్కటే వేయసాగింది. పది. పదిహేను. అక్క తలుపు దగ్గరికి వెళ్లింది, వెనక్కి వచ్చింది, మళ్లీ వెళ్లింది.

"చాలు సుజూ."

"ఉండమ్మా, లెక్క తప్పుతుంది."

ముప్ఫై అయిదు. ముప్ఫై ఆరు. అక్కడ ఆపి ఆయన వేళ్లు మూసింది. రాక్షసుడి వయసు దానికెవరూ చెప్పలేదు.

"నిరుడు ముప్ఫై అయిదు" అంది సుజు. "ఈసారి ఒకటెక్కువ."

ఆయన ఊపిరి గట్టిగా పీల్చుకున్నాడు. ఏదో అనబోతున్నాడని నాకు తెలిసిపోయింది.

సుజు చప్పున ముసుగు నోటి మీద చెయ్యి పెట్టింది. "మాట్లాడకు. మాట్లాడితే అమ్మ మళ్లీ రానివ్వదు."

అక్క తలుపు మీది చెయ్యి తీసి పక్కకు జరిగింది.

ఆయన లేచాడు. గింజల పిడికిలి గుండెకు ఆనించుకుని, ఒక్క మాటైనా లేకుండా మంచులోకి వెళ్లిపోయాడు.