మంట తిన్న సున్నం

శనివారం సాయంత్రం ఉమారాణి పెరట్లో బకెట్ ముందు గొంతుక్కూర్చుని థర్మామీటరు వంకే చూస్తోంది. బకెట్లో కిలో సున్నం వేసింది, నీళ్ళు పోసింది, కర్రతో కలిపింది. పావుగంటైనా పాదరసం ఒక్క గీత కదల్లేదు. పొగ లేదు, సెగ లేదు.

మామగారు చిన్నారావు గుమ్మంలో కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళు రైల్వే క్వార్టర్లకు వెల్ల వేసిన మనిషి. రోజంతా గోడలతోనే కాపురం కాబట్టి మాట్లాడే అలవాటు తప్పిపోయింది. ఆయన వాటా మాటలు కూడా భార్య పైడమ్మే మాట్లాడేస్తుంది.

ఉమారాణి మొహం చూసి పైడమ్మకు సోమవారం గురించి బెంగ పట్టుకుంది. కోడలు రాయ్‌పూర్ దేవేంద్ర నగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో కెమిస్ట్రీ చెబుతోంది. ఏడాదిగా టెంపరరీయే. సోమవారం ప్రిన్సిపాల్ వచ్చి ఆమె క్లాసులో కూర్చుంటుంది. పాఠం నచ్చితే ఉద్యోగం పర్మనెంటు, నచ్చకపోతే నెలాఖరుకి ఇంటికి. పాఠం రసాయన చర్యల్లో పుట్టే వేడి గురించి. సున్నం వేడితో గుడ్డు ఉడకబెట్టి చూపిద్దామనుకుంది ముందు. ఆ స్కూలు గేటు లోపల గుడ్డు పేరెత్తకూడదని ఎవరో చెబితే టీకి దిగింది. పొయ్యి లేకుండా టీ కాచి చూపిస్తానని పిల్లలకు శుక్రవారమే చెప్పేసింది కూడా.

చిన్నారావు లేచి వచ్చి, సంచీలో మిగిలిన సున్నం చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపాడు. బియ్యప్పిండిలా మెత్తగా ఉంది.

"ఇది చచ్చిపోనాది," అన్నాడు.

మిగతాది పైడమ్మ చెప్పింది. వానాకాలంలో దుకాణం వాళ్ళు సున్నం బస్తా మూతి తెరిచి పడేస్తారట. గాలిలో తడి తాగి తాగి అది అక్కడే కొంచెం కొంచెంగా ఉడికిపోతుందట. అందులో ఉన్న వేడంతా దుకాణంలోనే పోయాక ఇంటికొచ్చేది ఉత్త పిండేనట. ఉమారాణి తల పట్టుకుంది. పుస్తకంలో ఉన్న పదార్థం వేరు, తను కొన్నది వేరు అని ఇప్పుడు తట్టింది. అసలు సున్నం ఎక్కడ దొరుకుతుందని ఆమె అడిగేసరికే మామగారు గొడుగు వెతుక్కుంటున్నాడు. ఆ పూటకి ఆపి, తెల్లారాక పంపించారు.

ఆదివారం పొద్దున్నే లోకల్ ఎక్కి తిల్దాలో దిగాడు. అక్కడికి రెండు కోసుల దూరంలో తనకు తెలిసిన సున్నపు బట్టీ ఉంది. ముందురోజే దింపిన గడ్డలు ఒక్కొక్కటీ చేతిలో ఎగరేసి బరువు చూశాడు. బాగా కాలిన గడ్డ పైకి రాయిలా కనబడినా చేతికి తేలిగ్గా ఉంటుంది. ఒక ముక్క నేల మీద పెట్టి నాలుగు చుక్కల నీళ్ళు చల్లాడు. అది బుస్సుమని పగిలింది. అయిదు కిలోలు పాలిథిన్ సంచీలో మూటగట్టాడు. చివర్లో మిగిలిన రెండు గుప్పిళ్ళ ముక్కలు తన పాత పెయింటు డబ్బాలో వేసి మూత నొక్కాడు.

తిరుగు రైల్లో జనం కిటకిటలాడుతున్నారు. బయట కుండపోత. సంచీ సీటు కింద పెట్టి డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాడు. రైస్ మిల్లు గుమస్తా ఒకాయన తడిసి ముద్దై ఎక్కి, నీళ్ళోడుతున్న గొడుగుని సీటు కిందికి ఒక్క తోపు తోశాడు. గొడుగు మొన పాలిథిన్‌లోకి దిగింది. అది ఎవరూ చూడలేదు.

పది నిమిషాలకు ఎదుటి సీటు ముసలావిడ కాళ్ళు పైకి లాక్కుని, రాయ్‌పూర్ బళ్ళలో ఇప్పుడు సీట్ల కింద హీటర్లు కూడా పెడుతున్నారా అని ఛత్తీస్‌గఢీలో అడిగింది. అందరూ నవ్వారు. ఆ వెంటనే సీటు కింద నుంచి చిటపటమని చప్పుడు, తెల్లటి ఆవిరి. బాంబు అని ఎవరో అనేసరికి సగం బోగీ ఖాళీ అయింది. గుమస్తా తన గొడుగుని కూడా ఒగ్గేసి పరుగెత్తాడు.

చిన్నారావు ఒక్కడే కదల్లేదు. తలపాగా ఊడదీసి చేతులకు చుట్టుకుని, సంచీ ఈడ్చుకుంటూ తలుపు దాకా వెళ్ళాడు. అదృష్టం బాగుండి బండి సిగ్నలు దగ్గర ఆగి ఉంది. పట్టాల పక్క గుంటలోకి తోసేశాడు. గుంటలో వాననీళ్ళు గుడగుడా ఉడికాయి. ప్రమాదం తప్పాక జనానికి ధైర్యం వచ్చి, కిటికీల్లోంచి తలలు బయటపెట్టి జాతరలా చూశారు. తన గొడుగు మొనకంటిన సున్నం చూసి గుమస్తా చేతులు జోడించాడు. చిన్నారావు ఆయన గొడుగు ఆయనకిచ్చి, తన డబ్బా చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. ముక్కలు గలగలమన్నాయి. పొడిగానే ఉన్నాయి.

ఇంటికొచ్చి డబ్బా చూపిస్తే ఉమారాణి నీరుగారిపోయింది. రెండు గుప్పిళ్ళతో బకెట్ నీళ్ళు గోరువెచ్చన కూడా కావంది. చిన్నారావు బకెట్‌ని కాలితో పక్కకు జరిపి, వంటింట్లోంచి ఒక చిన్న స్టీలు డబ్బా తెచ్చి పెట్టాడు.

"నీళ్ళు తగ్గించు," అన్నాడు.

ఉమారాణి కాగితం తీసి లెక్క వేసింది. పుట్టే వేడి సున్నాన్ని బట్టి అంతే ఉంటుంది. బకెట్ నీళ్ళకు పంచితే తలా కాస్త. గ్లాసుడు నీళ్ళకే ఇస్తే ఆ నీళ్ళు మరుగుతాయి. ఈ సంగతే పిల్లలకు చెప్పి చెప్పి తనే మరిచిపోయింది. వేడి బయటికి పోకుండా డబ్బాకు చుట్టడానికి ఉన్నిబట్ట కావాలంది. పైడమ్మ తన స్వెట్టరు ఇస్తూ సణిగింది.

"దాని ఒళ్ళే కాలిపోతంటే మళ్ళీ స్వెట్టరెందుకే?"

స్వెట్టరు వేడి ఇవ్వదని, ఉన్న వేడిని పోనివ్వదని ఉమారాణి చెప్పింది. అయితే మే నెలలో మంచుగడ్డకు కూడా తొడగొచ్చా అని పైడమ్మ ఎగతాళి చేసింది. తొడగొచ్చంది కోడలు. పైడమ్మ నమ్మలేదు.

సోమవారం వానలో స్కూటరు మీద డబ్బా తేవడం మంచిది కాదని చిన్నారావు ఆటోలో స్కూలుకి తెచ్చాడు. తెచ్చినాయన్ని పంపకుండా ఉమారాణి వెనక బెంచీలో కూర్చోబెట్టింది. మూడో తరగతి తర్వాత ఆయన బెంచీ మీద కూర్చోవడం అదే. పక్కన ప్రిన్సిపాల్, ఒళ్ళో నోటుబుక్కు.

ఉమారాణి కళ్ళద్దాలు పెట్టుకుని పిల్లల్ని దూరం జరిపింది. స్వెట్టరు తొడిగిన డబ్బాలో సున్నం ముక్కలు, వాటి మధ్య మూత పెట్టిన సన్నటి గిన్నెలో పాలు, టీ పొడి, పంచదార. గ్లాసుడు నీళ్ళు పోసింది. ఏమీ కాలేదు. నిమిషం గడిచింది. ప్రిన్సిపాల్ గడియారం చూసుకుంది. ముందు బెంచీలో ఒకమ్మాయి కిసుక్కుమంది. ఉమారాణి చెయ్యి నీళ్ళ జగ్గు మీదకు వెళ్ళింది.

"ఒద్దమ్మా," అన్నాడు చిన్నారావు. "ముంచీకు. ఆగు."

తెలుగు అర్థం కాకపోయినా క్లాసంతా వెనక్కి తిరిగింది. ఉమారాణి చెయ్యి ఆగింది. అప్పుడే డబ్బాలో ఒక గడ్డ పటుక్కున పగిలింది. తర్వాత ఇంకొకటి. థర్మామీటరు నలభై దాటింది, అరవై దాటింది. పిల్లలు అంకెలు అరుస్తూ చదువుతున్నారు. వంద దగ్గర గిన్నె మూత టకటకలాడింది, గదంతా టీ వాసన.

మంటే లేనప్పుడు ఇంత వేడి ఎక్కడ దాక్కుందని ఒక అబ్బాయి అడిగాడు. ఉమారాణి బోర్డు వైపు తిరగబోయి, మనసు మార్చుకుని వెనక్కి చూసింది.

"మీరే చెప్పండి మావయ్యా."

చిన్నారావు లేచి నిలబడ్డాడు. "బట్టీలో మూడు రోజులు మంట తిన్నాదది. తిన్నది ఇప్పుడు కక్కింది. అంతే."

ఆమె దాన్ని హిందీలో చెప్పింది. రాయి కాలేటప్పుడు పుచ్చుకున్న శక్తి ఇదని, నీళ్ళు తగలగానే బయటపడిందని బోర్డు మీద సమీకరణం రాసింది. ఉత్తినే రాసుకునే పిల్లలు ఆ రోజు అర్థమై రాసుకున్నారు.

ప్రిన్సిపాల్ టీ రుచి చూసి పంచదార తక్కువైందంది. గ్లాసు మాత్రం ఖాళీ చేసింది. మధ్యాహ్నం ఆఫీసుకొచ్చి పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టమని ఉమారాణికి చెప్పి, మిగిలిన టీ ఆ పెద్దాయనకు ఇవ్వమంది. అంతలో బెల్లు మోగింది. పిల్లలెవరూ లేవలేదు. ముందు బెంచీలో కిసుక్కుమన్న అమ్మాయి అరచెయ్యి స్వెట్టరు మీద ఆనించి, వేడి ఇంకా ఉంది, ఇంకా ఉంది అంటోంది.